తిరగబడ్డ పటం

వీరమల్లుకు తన చేతి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. దేవుణ్ణి గీసేదీ ఆ చెయ్యే కదా అనుకునేవాడు.

వాళ్ళది నకాషీల ఇల్లు. బారల కొద్దీ గుడ్డ మీద కులపురాణాలను బొమ్మలుగా వేసి, ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ళకు ఇవ్వడం తాతల నాటి పని. చింతగింజల గంజి వాసన మధ్య, ఇంగిలీకం ఎర్రరంగు మరకలు పోని చేతులతో పెరిగాడు. అలాంటివాడు గోల్కొండ కోట బయట ఒక సూఫీ ఫకీరు దవాఖానాలో ఎలా తేలాడంటే, ఒక మండపం కప్పుకు బొమ్మలు వేస్తూ పరంజా మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు.

ఆ ఫకీరు పేరు కమర్ షా. హకీం కూడా ఆయనే. యుద్ధంలో తెగిన సిపాయిలు, ఒంటె తన్నిన వర్తకులు, దగ్గుతో నిద్రలేని ముసలివాళ్ళు, అందరూ ఆయన వాకిట్లోకే వచ్చేవాళ్ళు. అందరికీ ఆయన బాబా.

బాబా కళ్ళు మూసుకుని వీరమల్లు భుజాన్ని వేళ్ళతో తడిమాడు. లోపల ఏ ఎముక ఎక్కడ విరిగిందో, ఏది దేని మీదికి ఎక్కిందో ఎదురుగా పెట్టుకుని చూస్తున్నట్టే చెప్పి, ఒక్క గుంజు గుంజి సరిచేశాడు. వీరమల్లు నొప్పికి అరిచాడు గానీ, ఆ అరుపులోనే ఒక ఆలోచన తట్టింది. ఇన్నేళ్ళలో తను ఎన్ని భుజాలు గీశాడు! రాజుల భుజాలు, రాక్షసుల భుజాలు, దండకడియాలు తొడిగి, హారాలు వేలాడదీసి. వాటి లోపల ఏముందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

భుజం అతుక్కుంది. వీరమల్లు మాత్రం ఇంటికి పోలేదు. లోపల ఏముందో చూడాలన్న పిచ్చి పట్టింది.

దవాఖానాలో ఇరాన్ నుంచి వచ్చిన పాత పటాలు ఉండేవి. శరీరం లోపలి సంగతులు నేర్చుకోవాలంటే శిష్యులకు అవే దిక్కు. వాటిలో మనిషి మోకాళ్ళు ఎడంగా పెట్టి కప్పలా కూర్చుని ఉంటాడు. మొహం పున్నమి చంద్రుడంత గుండ్రం. పొట్టలో ఒక ఆకు, అది కాలేయమట. దాని పైన ఒక వంకాయ, అది గుండె అట. వీరమల్లు వాటిని చూసి పగలబడి నవ్వాడు. మా చెల్లెలు వాకిట్లో వేసే ముగ్గు ఇంతకంటే నయమన్నాడు.

బాబా నవ్వలేదు.

"చూసినోడికి గీయరాలే. గీసినోడు చూడలే," అన్నాడు. "నీకు గీయవస్తది. ముందుగాల చూడు."

చూడమంటే చూడటమే. చాలాకాలం కుంచె పట్టనివ్వలేదు. గాయాలు కడిగేటప్పుడు పక్కన నిలబడి నీళ్ళగిన్నె పట్టుకోవడం అతని పని. గొప్ప చిత్రకారుడు గిన్నె పట్టుకుంటున్నాడని తోటి శిష్యులు ఆటపట్టించేవాళ్ళు. వీరమల్లు పళ్ళు కొరుక్కుంటూ పట్టుకునేవాడు.

ఒకరోజు ఈటె పోటు తిన్న సిపాయిని మోసుకొచ్చారు. పక్కటెముకల సందు తెరుచుకుని ఉంది. బాబా నెత్తురు తుడిచి, వీరమల్లును దగ్గరికి రమ్మని సైగ చేశాడు. లోపల గులాబీ రంగుది ఒకటి ఊపిరితో పాటే మెల్లగా ఉబ్బుతోంది, మెల్లగా తగ్గుతోంది. తడిగా మెరుస్తోంది. ఇంగిలీకంలో శంఖం సున్నం ఎంత కలిపితే ఆ రంగు వస్తుందో వీరమల్లు లెక్క వేయబోయాడు. వేయలేకపోయాడు. ఇలాంటిదే తనలోనూ ఉంది. ఇదిగో, ఇప్పుడు కూడా లేస్తోంది. పుట్టినప్పటి నుంచి ఎవరూ చెప్పకుండానే, తను నిద్రపోయినా మానకుండా లేస్తోంది. ఆ సంగతి తట్టగానే ఒళ్ళు గగుర్పొడిచింది. చేతిలో గిన్నె ఒరిగి నీళ్ళు బాబా కాళ్ళ మీద ఒలికాయి.

బాబా ఆ సాయంత్రమే కుంచె చేతికిచ్చాడు.

ఆ తర్వాత వీరమల్లు వేసిన పటం గురించి గోల్కొండలో చాలాకాలం చెప్పుకున్నారు. నిలువెత్తు మనిషి మనకు ఎదురుగా నిలబడి ఉంటాడు. రొమ్ము తలుపు రెక్కల్లా రెండువైపులా తెరిచి ఉంటుంది. లోపల ఊపిరితిత్తులు, వాటి నడుమ ఎడమవైపుకు ఒరిగిన గుండె, కుడి పక్కటెముకల కింద బరువుగా పడుకున్న కాలేయం, పేగుల చుట్టలు, వాటన్నిటి మధ్య పాయలుగా విడిపోతూ పోయిన నెత్తుటి దారులు. కొన్ని దారులు వెంట్రుక కంటే సన్నం. మొహంలో మాత్రం నొప్పి లేదు. నా లోపల ఇంత ఉందా అని తనే ఆశ్చర్యపోతున్నట్టు ఉంటుంది. ఆ పటం ముందుకు వస్తే గట్టిగా మాట్లాడే సిపాయిలు కూడా గొంతు తగ్గించేవాళ్ళు.

పొగడ్త కల్లు లాంటిది. మొదటి ముంత ఒంటికి మంచిదే. వీరమల్లు ఏకంగా కుండే ఎత్తి తాగాడు.

గిన్నె పట్టుకోవడం మానేశాడు. గాయాల దగ్గరికి రావడం మానేశాడు. నీడపట్టున కూర్చుని, తన పటాన్నే చూసుకుంటూ, దానికి మెరుగులు దిద్దుకుంటూ ఉండేవాడు. ఒకసారి యాకూబ్ అనే తోటి శిష్యుడు పరుగున వచ్చి పిలిచాడు. రొమ్ము ఒక పక్క గూడు కట్టినట్టు ఉబ్బి ఉన్న మనిషి ఒకడు వచ్చాడనీ, అలాంటిది తనెప్పుడూ చూడలేదనీ, వచ్చి చూసి గీయమనీ అడిగాడు. వీరమల్లు తల ఎత్తలేదు.

"పటంల చూస్కో," అన్నాడు. "ఇగ మనుషుల్ని చూసేడిది ఏమున్నది. మనిషంటే ఇదే."

ఆ మాట అరుగు మీద మందు నూరుతున్న బాబాకు వినపడింది. నూరడం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

కమర్ షా దగ్గర చదువు పూర్తయినవాడికి తలపాగా కట్టే ఆచారం ఉంది. తలపాగా కట్టించుకున్నవాడి పనికి బాబా పూచీ. అందుకని ఊరికే కట్టరు. బయటి హకీం ఒకరు వచ్చి, పని చూసి, సరేననాలి. ఇంతవరకూ వైద్యం చదివినవాళ్ళకే కట్టారు గానీ బొమ్మలు వేసేవాడికి ఎవరూ కట్టలేదు. వీరమల్లుకు కట్టాలనుకుంటున్నానని బాబా బీదరుకు కబురు పంపాడు. అక్కడి మదరసాలో పెద్ద హకీం మీర్ అస్కరీ. ఆయనకు ఈ మాట నచ్చలేదు. వైద్యం తెలిసినవాడు తల, బొమ్మ గీసేవాడు చెయ్యి, చేతికి తలపాగా ఎలా కడతారని అడిగాడు. అయినా పెద్దమనిషి కాబట్టి, వచ్చి చూస్తానన్నాడు. రెండు పటాలు సిద్ధం చేయమన్నాడు, ఒకటి ఇక్కడ ఉండటానికి, ఒకటి నచ్చితే తాను తీసుకుపోవడానికి.

నచ్చితే తలపాగా. ఆ పటాలు చూసి ఊరూరా హకీములు చదువుకుంటారు. నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర నాయన ఉన్నాడు. కులం పని వదిలి సాయెబుల దగ్గర పేగులు గీస్తున్నాడని నలుగురిలో తల దించుకున్నవాడు. ఆయన ముందు ఉత్త తలతో నిలబడటం కంటే మళ్ళీ పరంజా మీంచి పడటం మేలనుకున్నాడు వీరమల్లు.

మొదటి పటం సైన్యం హకీంలతో పాటు యుద్ధానికి పోయింది. పోయేముందే వీరమల్లు దాని గీతలు తోలు మీద దించి పెట్టుకున్నాడు. కొత్తగా రెండూ వేయాలి. దానికి వీరమల్లు ఇంటి పద్ధతే పట్టాడు. నకాషీలు ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వేయాల్సి వస్తే, పలుచటి జింకతోలు మీద గీతలు దించుకుని, గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ తోలును కాగితం మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. చుక్కలు కలిపితే బొమ్మ. గుడి తలుపుకు అటూ ఇటూ నిలబడే ద్వారపాలకులను అలాగే వేస్తారు. ఒకరిని అద్దాక తోలు తిరగేసి రెండోవాడిని అద్దుతారు. అప్పుడు ఒకడి గద కుడిచేతిలో, ఇంకొకడి గద ఎడమచేతిలో, ఒకరికొకరు ఎదురుబొదురుగా సరిపోతారు. వీరమల్లు చిన్నప్పటి నుంచి చేసిన పని అది. ఒకటి అద్దగానే తోలు తిరగేయడం వాళ్ళింట్లో ఊపిరి తీసుకున్నంత మామూలు.

తిరగేశాడు. తిరగేసినట్టు కూడా అతనికి తెలియదు.

ఆ తర్వాతైనా కనిపించాలి కదా అంటారు. ముక్కు కాగితానికి ఆనించి ఒక్కో నరం దిద్దేవాడికి ఆ నరమే లోకం. పైగా చుక్కలు ఉన్నాయి, చుక్కలు తప్పు చెప్పవని ధీమా. మనిషిని చూసి గీసినన్నాళ్ళూ ప్రతి గీతకూ అనుమానం వచ్చేది. తోలు చూసి గీసేవాడికి అనుమానం ఎక్కడిది.

మీర్ అస్కరీ వచ్చే రోజు పొద్దున్నే వీరమల్లు దవాఖానా పెద్ద గదిలో కమాను గుమ్మానికి అటొకటి ఇటొకటి పటాలు తగిలించాడు. వెనక్కి వచ్చి చూసుకున్నాడు. ఎంత చక్కగా కుదిరాయో! ఇద్దరు మనుషులు, ఒకరికొకరు జోడీగా, గుమ్మానికి కాపలా ఉన్నట్టు నిలబడ్డారు. ఏదో నిండుతనం వచ్చింది గదికి. ఎందుకు వచ్చిందో అతని కంటికి తట్టలేదు. పటాల కింద బల్ల మీద కొత్త తలపాగా గుడ్డ మడతపెట్టి ఉంది. దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

మీర్ అస్కరీ సన్నటి మనిషి, తెల్లటి గడ్డం. బాబాను కౌగిలించుకుని, మంచినీళ్ళు తాగి, మొదటి పటం ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని తప్పులు వెతకడానికే నిలబడ్డాడు. కాసేపటికి ఆ చేతులు విడిపోయాయి. ఇంకాసేపటికి ఆయన పెదవులు కదలడం మొదలుపెట్టాయి, ఏదో దువా చదువుకుంటున్నట్టు. నలభై ఏళ్ళు పుస్తకంలో చదివిందంతా ఇలా ఉంటుందా అన్నాడు చివరికి, ఎవరితోనూ కాకుండా. వీరమల్లు గుండె ఉప్పొంగింది.

తర్వాత ఆయన రెండో పటం దగ్గరికి పోయాడు. చూశాడు. మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చాడు. మళ్ళీ రెండో దాని దగ్గరికి పోయాడు.

ఆయన నవ్వినా బాగుండేది. నెమ్మదిగానే అడిగాడు, ఈ మనిషి గుండె కుడివైపు ఉందేం, కాలేయం ఎడమవైపు ఉందేం అని. ఈ పటం చూసి చదువుకున్న కుర్రవాడు రేపు నెత్తురు కారుతున్న మనిషి దగ్గర కూర్చుని, ఆపాల్సినచోట వదిలి ఇంకోచోట నొక్కిపెడితే, ఆ చావు ఎవరి ఖాతాలో వేయమంటారని అడిగాడు. ఇలాంటి మనిషి ఏ దేశంలోనూ పుట్టడు, ఇందుకే చేతికి తలపాగా కట్టవద్దన్నానని బాబా వైపు తిరిగి అన్నాడు.

వీరమల్లు అప్పుడు చూశాడు. జోడీ ఎందుకు అంత బాగా కుదిరిందో ఇప్పుడు తెలిసింది. శిష్యులందరూ నేల చూపులు చూస్తున్నారు. యాకూబ్ కూడా అతని వైపు చూడలేదు.

వాదించడానికి ఏముంది? మేకు మీంచి ఆ పటం తీశాడు. మూల నీళ్ళ గోళెం ఉంది. జిగురు కలిపిన రంగులు, తడి తగిలితే నిలవవు. గోళెం దగ్గరికి నడిచాడు. పటంతో పాటు తన బతుకు కూడా అందులో కరిగిపోతుందనే అనుకున్నాడు.

"ఆగు," అన్నాడు బాబా.

బాబా లేవడానికి కొంచెంసేపు పట్టింది, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి. లేచి, వీరమల్లు చేతిలోంచి పటం తీసి బల్ల మీద పెట్టాడు. తన అంగీ ముడి విప్పాడు.

"నీ చెయ్యి ఇటు తే."

వీరమల్లు అరచేతిని తీసుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"ఏం తెలుస్తున్నది?"

వీరమల్లు ఊపిరి బిగబట్టి చూశాడు. ఏమీ లేదు. గోడ మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతోందేమోనని భయపడి బాబా మొహంలోకి చూశాడు. బాబా కళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి.

"ఏం తెలుస్తలేదు బాబా."

బాబా ఆ చేతిని మెల్లగా కుడివైపుకు జరిపాడు.

అరచేతి కింద ఏదో పిట్ట కదిలినట్టయింది. ఒకసారి, ఇంకోసారి. నిదానంగా, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు.

వీరమల్లు బాబాను చూశాడు. బల్ల మీద ఉన్న పటాన్ని చూశాడు. మళ్ళీ బాబాను చూశాడు. ఒకటొకటిగా తను దిద్దిన ప్రతి నరం, ప్రతి వంపు ఈ ముసలి ఒంట్లో ఈ క్షణాన వెచ్చగా పారుతోంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి పక్కనే తిన్నాడు, ఈయన చేతి మందే తాగాడు. లోకంలో అందరి నాడీ చూసే హకీం నాడి ఎవరు చూస్తారు? అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయమో భక్తో చెప్పలేం, బాబా కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. కూర్చున్నా చెయ్యి మాత్రం బాబా రొమ్ము మీంచి తీయలేదు, బాబాయే వంగాల్సి వచ్చింది.

"మా అమ్మకు ఎరుక," అన్నాడు బాబా. "నన్ను భుజాన ఏస్కున్నప్పుడు తెల్సిందంట. నాకు చెప్పకుండనే పోయింది, ఎన్నడో మా మేనత్త చెప్తే తెల్సింది. చదువుకునేటప్పుడు మా ఉస్తాదు, ఎవని గుండె వాడు వినుండ్రి అన్నడు. నేను ఎడమ దిక్కు ఎంత విన్నా సప్పుడు లేదు. అల్లా నాకు గుండె పెట్టుడు మర్సిపోయిండని ఏడ్సిన."

శిష్యుల్లో ఒకడు నవ్వబోయి ఆగాడు. ఏ రోగి వచ్చినా బాబా మొట్టమొదట తన రెండు అరచేతులూ ఆ రోగి రొమ్ముకు రెండువైపులా ఆనించేవాడు. అది దీవెన అనుకున్నారు వాళ్ళు. తామూ అలాగే ఆనించి, కళ్ళు మూసుకుని, ఏమీ వినకుండా తీసేసేవాళ్ళు. ఇప్పుడు ఒక్కొక్కరూ తమ చేతుల వంక చూసుకున్నారు.

మీర్ అస్కరీ దగ్గరికి వచ్చాడు. కళ్ళతోనే అనుమతి అడిగి తనూ చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. సుభానల్లా అని ఒక్క మాట, అదీ వినీ వినపడనట్టు.

అప్పుడు వీరమల్లు అబద్ధం ఆడినా చెల్లేది. బాబాను చూసే గీశానని అంటే కాదనేవాళ్ళు లేరు.

"నేను చూసి గీయలే బాబా," అన్నాడు. "తోలు తిరగబడ్డది. నాకు తెల్వనే లేదు."

"ఎరుకే. తప్పు తప్పే," అన్నాడు బాబా. "నీ చెయ్యి నీకు తెల్వకుండ ఒక నిజం గీసింది. తెల్సి గీసుంటే ఎంత బాగుండు."

వీరమల్లు తల దించుకున్నాడు. ఆ మాట భుజం ఎముక సరిచేసినప్పటి గుంజులాగే ఉంది, ఒక్కసారి నొప్పి, ఆ తర్వాత సుఖం.

మీర్ అస్కరీ బల్ల దగ్గరికి నడిచి, మడతపెట్టిన గుడ్డ తీశాడు. ఒక కొస తను పట్టుకుని రెండో కొస బాబాకు అందించాడు. ఇలాంటి మనిషి పుట్టడన్నది నా తల, తప్పు దాచకుండా ఒప్పుకున్నది ఈ చెయ్యి, ఇప్పుడు కట్టండి అన్నాడు.

ఆ ముసలివాళ్ళిద్దరూ కలిసి తలపాగా కడుతున్న సంగతి వీరమల్లుకు తెలియలేదు. అతను తన అరచేతిని విప్పి చూసుకుంటున్నాడు. అందులో ఇంకా ఆ కదలిక ఉన్నట్టే ఉంది. ఈ గదిలో ఇంతమంది ఉన్నారు. ఒక్కొక్కరి లోపల ఏముందో, ఎలా ఉందో. యాకూబ్ లోపల ఎలా ఉందో. ఆ రోజు తను తల ఎత్తి చూడని ఆ మనిషి లోపల ఎలా ఉండేదో.

వెళ్ళేముందు మీర్ అస్కరీ రెండు పటాలనూ పక్కపక్కన పరిచి, బీదరుకు ఏది తీసుకుపోవాలో తేల్చుకోలేక నిలబడ్డాడు. రెండూ తీసుకుపొమ్మన్నాడు బాబా. మా పిల్లలు ఊరుకోరు, ఇందులో ఏది సరైనదని అడుగుతారన్నాడు ఆయన.

బాబా అంగీ ముడి వేసుకుంటూ అన్నాడు:

"అడగనియ్యండ్రి. అట్లనన్న రోగి మీద చెయ్యి పెట్టి చూస్తరు."